గండి పూడ్చువారెవరు?

ఏటిగట్టు తెగుట వరదనాడు మొదలగు కార్యము కాదు. వరదనాడు అది లోకమునకు తెలియును. తెగుట మాత్రము వేసవియందే, ఏటిలో నీరు లేనప్పుడే, ఎవ్వరును చూడని తావున ఎలుక త్రవ్విన బొరియతో మొదలగును. గోదావరి డెల్టావాసులకు ఈ సంగతి మేము చెప్పబనిలేదు. 1986 ఆగస్టు 16వ తేదీన ధవళేశ్వరము వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైబడి నీరు పాఱి, గట్లు తెగి, గ్రామములు మునిగిన సంగతి జ్ఞాపకమున్న పెద్దలు ఇంకను మన మధ్య నున్నారు. 2022 జూలైలో 25 లక్షలు మించిన వరద వచ్చినపుడు ఇసుకబస్తాలతో గట్టుపై కావలి కాచినవారిలో మా చదువరులును కొంద ఱుండియుందురు.

మేము నేడు ప్రస్తావింపబూనినది మఱియొక గట్టు. మన పట్టాలు, అడంగళ్లు, దస్తావేజుల నకళ్లు ఒకప్పుడు కరణముగారి దస్తరములో ఎఱ్ఱగుడ్డ మూటగట్టి యుండెడివి. 1984లో కరణీకములు రద్దయ్యెను. 1998లో రిజిస్ట్రేషను కచేరీలలో కంప్యూటర్లు ప్రవేశించెను. 2015లో మీభూమి యను పేర అడంగలును 1-బియు ఇంట కూర్చుండియే చూచుకొను సదుపాయము కలిగెను. ఇక బ్యాంకు ఖాతా, ధాన్యపు సొమ్ము, కరెంటు బిల్లు అన్నియు చేతిలోని ఫోనునందే. పాత దస్తరపు మూటపై మమకారము వీడని పెద్దమనుష్యులు కొందఱు ఈ మార్పును చూచి నేటికిని పెదవి విఱుచుచుందురు. వారి భయము పూర్తిగా నిరాధారమని మేమనము. కాని చెదపురుగు తినిన దస్తరమునకు మరమ్మతు లేదు. యంత్రమునందలి దోషమునకు మరమ్మతు కలదు. ఆ మరమ్మతు సిద్ధమైన పిమ్మట మనవారు వేసుకొనుచున్నారా, లేదా? మా ప్రశ్న అంతయు నింతియే.

కంప్యూటరునందు మన కంటికి గానవచ్చు పనులన్నిటికి అడుగున ఒక మూలప్రోగ్రాము కలదు. గింజలోని పప్పు వంటిదగుటచే దానికి కెర్నెలని పేరిడిరి. ఏ ప్రోగ్రామునకు ఎంత మెమరీ ఇయ్యవలెనో, ఏ దస్త్రమును ఎవరు చూడవచ్చునో, ఎవరు దిద్దవచ్చునో నిర్ణయించు అధికారము దానిదే. ప్రధాన కాలువ మొగను తూము తలుపు లెత్తుచు దించుచుండు లస్కరు వంటిది యది. పిల్లకాలువకు గండి పడిన నాలుగు మళ్లు మునుగును. మొగనున్న తూమే పట్టు తప్పినచో ఆయకట్టంతయు పోవును. కెర్నెలునందు ఒక చిన్న తప్పు పట్టుకొనిన దొంగ ఆ యంత్రమున కంతటికిని యజమాని యగుట కిదియే కారణము.

ఆ తప్పు లెట్టివి? వానిలో పెక్కు మెమరీకి సంబంధించినవి. మెమరీ యనునది సంఖ్యలు వేసిన అరలు గల పెద్ద కొట్టు. ఒక పుట్టి పట్టు గాదెలో రెండు పుట్లు పోసినచో మిగిలినది పొర్లి ప్రక్క గాదెలో పడును. ధాన్యము విషయమున నష్టము స్వల్పము. యంత్రమునందు పొర్లిన అక్షరములు ప్రక్క అరలోని ఆజ్ఞలను చెఱపి తామే ఆజ్ఞలై కూర్చుండును. ఏ అక్షరములు పొర్లవలెనో ముందే యెంచి పోయువాడే దొంగ. ఇంకొకటి కౌలుదారు కథ. గడువు తీరిన కౌలుదారు పాత కాగితము చేత బట్టుకొని వచ్చి, క్రొత్త కౌలుదారు వేసిన పంటను కోసికొనిపోయినట్లు, ఒక ప్రోగ్రాము విడిచిపెట్టిన అరను పాత చిరునామాతోనే మరల ముట్టుకొనుట జరుగును. భూవివాదములలో తలలు పండిన మా చదువరులకు ఈ రెండవ తప్పు మొదటిదానికంటె ఎంత యపాయకరమో విప్పి చెప్పనక్కఱలేదు.

ఈ కెర్నెళ్లు చాలభాగము సీ యను భాషలో వ్రాయబడినవి. 1970 ప్రాంతమున పుట్టిన ఆ భాష వ్రాయువానిని పూర్తిగా నమ్మును. గాదె కొలత చూడదు, కౌలు గడువడుగదు. వేగమునకు అది మేలు, భద్రతకు కీడు. తాము ఏటేట సరిదిద్దు భద్రతాదోషములలో నూటికి 70 వఱకు ఇట్టి మెమరీ తప్పులేయని మైక్రోసాఫ్టువారు 2019లో స్వయముగా చెప్పుకొనిరి.

ఇక మన గడపలోనికి వచ్చిన వరద సంగతి. 2017 మే 12వ తేదీన వన్నాక్రై యను పురుగు లోకముపై బడెను. అది యంత్రములోని దస్త్రముల నన్నిటిని రహస్యలిపిలోనికి మార్చి తాళము వేసి, తాళముచెవికి 300 డాలర్లు బిట్‌కాయిను రూపమున చెల్లింపుమని తెరపై నోటీసు నిలుపును. 150 దేశములలో రెండు లక్షలకు మించిన యంత్రములు దాని వాత బడెను. ఇంగ్లండున ఆసుపత్రులు శస్త్రచికిత్సల నాపుకొనెను. మఱునాడు మన రాష్ట్రమున చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాల పోలీసు కార్యాలయములందలి కొన్ని కంప్యూటర్లు దానికి చిక్కినట్లు వార్తలు వచ్చెను. తిరుమల తిరుపతి దేవస్థానము వారి యంత్రములు కొన్నియు తప్పించుకొనలేదు. దొంగలను బట్టవలసిన శాఖ కాగితములకే దొంగ తాళము వేయుట చూచి నవ్విన వారును కలరు. మాకు నవ్వు రాలేదు.

ఏలయన, ఆ గండి అప్పటికే పూడ్చబడి యుండవలసినది. విండోసు యంత్రములు ఒకదానితో నొకటి దస్త్రములు పంచుకొనుటకై కెర్నెలునందుంచిన భాగమొకటి కలదు. అందొక లెక్కలో 32 బిట్ల సంఖ్యను దిద్దవలసినచోట క్రింది 16 బిట్లను మాత్రమే దిద్ది పైసగమును విడిచిరి. 1,20,000ను 15,000గా దిద్దవలసిన గుమాస్తా చివరి అంకెలను మార్చి ముందున్న లక్షను అట్లే యుంచినచో 1,15,000 మిగులును గదా! ఇచ్చటను అదే జరిగెను. కొట్టు చిన్నదిగా కట్టి సరుకు పెద్దదిగా తెచ్చి పోసిరి, పొర్లినది. దీనికి మరమ్మతును మైక్రోసాఫ్టువారు 2017 మార్చి 14వ తేదీననే వెలువరించిరి. పురుగు వచ్చినది మే 12న. నడుమ 59 దినములు. గట్టు పూడ్చుటకు మట్టి, తట్ట, పలుగు గట్టుమీదికి తెచ్చి యిచ్చిన పిమ్మట 59 దినములు ఎవ్వరును వంగి ఎత్తలేదు!

ఈ గండి కథకు ఇంకొక యంకము కలదు. ఈ దోషమును మొదట కనిపెట్టి, దానిగుండ పరుల యంత్రములలో జొరబడు సాధనమును నిర్మించినది అమెరికా ప్రభుత్వపు జాతీయ భద్రతాసంస్థ. గట్టున బొరియ చూచినవాడు ఊరివారికి చెప్పక, అదను చూచి శత్రువు పొలము ముంచుటకు దాచుకొనిన విధమిది. ఆ సాధనము వారి చేతినుండి జాఱి, 2017 ఏప్రిలు 14వ తేదీన బజారున బడెను. నెల తిఱుగకముందే అది పురుగై లోకమును కఱచెను. పురుగును వదలినవారు ఉత్తరకొరియావారని అమెరికా ప్రభుత్వము అదే సంవత్సరము డిసెంబరులో ప్రకటించినది. సరియే, కాని కత్తి నూఱినవారెవరు? ప్రభుత్వములు ఇట్టి దోషములను మూటగట్టి దాచుకొనుట తగదని మైక్రోసాఫ్టు అధ్యక్షుడే మే 14న బహిరంగముగా ఆక్షేపించెను. పరరాజ్యపు కంపెనీ వ్రాసిన మూలప్రోగ్రాముపై, పరరాజ్యపు గూఢచారులకు తెలిసి మనకు తెలియని గండ్లతో, మన పోలీసు ఠాణా నడచుట స్వతంత్రదేశమునకు శోభయా యని మేమడుగుచున్నాము.

దొంగయే రానక్కఱలేదు, కావలివాని కాలు జాఱినను చాలును. 2024 జూలై 19వ తేదీన క్రౌడ్‌స్ట్రైకు అను అమెరికా సంస్థవారి కావలి ప్రోగ్రాము ఒక క్రొత్త జాబితాను అందుకొని, 20 గడులున్నచోట 21వ గడిలో చేయి పెట్టబోయెను. ఆ కావలివాడు కాపురమున్నది కెర్నెలులోనే. పైప్రోగ్రాము చేసిన తప్పునకు ఆ ప్రోగ్రాము మాత్రమే నిలిచిపోవును. కెర్నెలులో జరిగిన తప్పునకు యంత్రమే కూలును. లోకమందు 85 లక్షల విండోసు యంత్రములు నీలితెరతో నిలిచెను. హైదరాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతివ్రాత చీట్లిచ్చి పంపిరి. మన రైల్వేస్టేషన్లలో ఒకప్పుడు గుమాస్తాలు చేసిన పనియే గాన, అందులో అవమానము లేదు. ఎవరో ఎచ్చటనో గడులు లెక్క తప్పిన దానికి ఇచ్చట మనము చేతులు ముడుచుకొని నిలువవలసి వచ్చుటయే యవమానము.

అట్లయిన దారి యేది? విండోసు మూలరచన మూసిన పెట్టె. వారు చూపిన మేఱకే మనము చూడగలము. దానికి భిన్నమైనది లినక్సు. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయమున విద్యార్థిగానున్న లైనస్ టోర్వాల్డ్స్ మొదలిడిన ఈ కెర్నెలు నేడు మూడుకోట్ల పంక్తులకు మించి పెరిగినది. దాని ప్రతి పంక్తియు ఎవ్వరైనను చదువవచ్చును, దిద్దవచ్చును, పంచవచ్చును. మన జేబులలోని ఆండ్రాయిడు ఫోనులు నడచునదియు దానిపైననే.

స్వదేశాభిమానులు కొందఱు ఇంతటితో తృప్తిపడి, లినక్సు వచ్చెనా స్వరాజ్యము వచ్చినట్లే యని చెప్పుచున్నారు. వారి యుత్సాహము మాకు ప్రీతికరమే. వారి తొందర మాత్రము కాదు. తెఱచియుంచిన పుస్తకము నెవ్వరు చదువుచున్నారు? 2016 అక్టోబరులో డర్టీకౌ అను దోషము బయటపడెను. ఒక దస్త్రమును పలువురు వాడుకొనునపుడు, వ్రాయదలచినవానికి కెర్నెలు నకలు తీసి యిచ్చి అసలును భద్రముగా నుంచవలయును. కచేరీలో అర్జీదారునకు నకలిచ్చు పద్ధతియే యిది. అయితే రెండు పనులు ఒకే క్షణమున తొందరపెట్టినపుడు, నకలుపై బడవలసిన కలము అసలుపై బడెడిది! చదువుటకు మాత్రమే అధికారమున్నవాడు దానితో అసలును దిద్ది యంత్రమునకు యజమాని కాగలడు. ఈ తప్పు 2007 నుండియు అందుండెను. అంతకు పూర్వము 2005 ప్రాంతముననే దీనిని దిద్దబోయి, ఆ దిద్దుబాటు వేఱొకచోట చిక్కు తెచ్చుటచే వెనుకకు తీసికొంటిమని టోర్వాల్డ్సే ఒప్పుకొనెను. అన్ని యేండ్లు పుస్తకము తెఱచియే యున్నది.

అయినను తెఱచియుండుటవలన లాభమేమో 2022లో ఇంకొక యుదాహరణము చూపినది. దానిని మేము కొంచెము విపులముగా చెప్పెదము. మాక్స్ కెల్లర్‌మన్ అను ప్రోగ్రామరు జర్మనీయందొక సంస్థలో పనిచేయుచుండెను. 2021 ఏప్రిలులో ఖాతాదారుడొకడు తాను దింపుకొనిన చిట్టా దస్త్రము పాడైనదని ఫిర్యాదు చేసెను. దానిని బాగుచేసి పంపిరి. కొన్ని నెలలకు మఱియొకటి, పిమ్మట ఇంకొకటి. చాలమంది ఇట్టి చిల్లర ఫిర్యాదులను చెత్తబుట్టలో వేయుదురు. ఆయన అట్లు చేయక వరుసలు సరిచూచెను. పాడైన దస్త్రములు హెచ్చుగా నెల యాఖరు దినమునకు చెందినవే. పాడైనది ప్రతిదానియందు చివరి 8 బైట్లు మాత్రమే. ఆ 8 బైట్లును అన్నిట నొకటే! గట్టుకు వెలుపలి వైపున ఎండకాలములోను ఆఱని తడి చూచి ఇచ్చట నేదో యున్నదని నిలిచిన లస్కరువలె ఆయన నిలిచెను. తన ప్రోగ్రామును, యంత్రమును, అన్నిటిని అనుమానించి, తుదకు దోషము కెర్నెలులోనిదేయని తేల్చెను.

ఆ దోషము తుడువని పలక వంటిది. ఒక ప్రోగ్రామునుండి మఱియొకదానికి అక్షరములు పంపు గొట్టము కెర్నెలునందు కలదు. దాని యొక్కొక గడిపైన కొన్ని గుర్తులుండును. గడిని క్రొత్తగా వాడునపుడు పాత గుర్తులు తుడువవలయును. 2016లో వ్రాసిన భాగమున ఆ తుడుచుట మఱచిరి. అప్పటికి హాని లేకుండెను. 2020లో మఱియొకరు మఱియొక మంచిపని చేయబోయి, ఆ గడిలో తరువాతి వ్రాతను చేర్చవచ్చునను క్రొత్త గుర్తును పెట్టిరి. నాలుగేండ్ల నాటి ఉత్త బొరియ ఆనాడు గండి యయ్యెను. పాత గుర్తు మిగిలిన గడిలో వ్రాసిన వ్రాత పోయి ఒరుల దస్త్రములో పడుచుండెను. కెల్లర్‌మన్ 2022 ఫిబ్రవరి 20వ తేదీన ఈ సంగతి తెలిపెను. 23వ తేదీనాటికి మరమ్మతు చేరిన కెర్నెళ్లు వెలువడెను. మార్చి 7న లోకమునకు చాటిరి. మూలరచన మూసిన పెట్టెలోనున్నచో ఆయనవంటి బయటివాడు తప్పు జరుగుచున్నదని ఫిర్యాదు చేసి యూరకుండవలసినదే. కారణము చూపి చేతితో పట్టియిచ్చుట దుర్లభము.

ఇచ్చట నొక చిక్కు కలదు. కచేరీలవారు దీనిని గుర్తెఱుగవలయును. మరమ్మతు వెలువడిన దినముననే దొంగకును పాఠము వెలువడును. ఏ పంక్తి మార్చిరో చూచి, అదివఱకు గండి ఎచ్చట నుండెనో వాడు కనిపెట్టును. కావున మరమ్మతు వేసుకొనని యంత్రము, మరమ్మతు పుట్టకముందున్న దానికంటె ఆ మఱునాడు ఎక్కువ యపాయమున నుండును. రేపు చూతమనుట ఇచ్చట చెల్లదు. ఫోనుల విషయమిది మఱియు కష్టము. చౌకగా కొనిన ఫోనుకు తయారుచేసినవారు రెండు మూడేండ్లలో మరమ్మతులు పంపుట మానుదురు; ఫోను మాత్రము మన యిండ్లలో ఆఱేడేండ్లు నడచును, అందే బ్యాంకు ఖాతాయు నడచును. 2025 అక్టోబరు 14వ తేదీతో విండోసు 10కు సాధారణముగా వచ్చు మరమ్మతులను మైక్రోసాఫ్టువారు చాలించిరి. అంతకుముందు 2014 ఏప్రిలు 8తో ఎక్స్‌పీకి చాలించినపుడును మన కచేరీలలో చాలకాలము వానినే త్రిప్పిరి.

దేశీయప్రయత్నములు లేకపోలేదు. సీ-డాక్ సంస్థవారు 2007లో బాస్ అను లినక్సు వ్యవస్థను వెలువరించిరి. హైదరాబాదున స్వేచ్ఛ యను సంస్థవారు తెలుగున పనిచేయు వ్యవస్థను కూర్చిరి. 2023లో రక్షణశాఖవారు మాయా అను పేర వేఱొకటి తెచ్చుచున్నట్లు వార్తలు వెలువడెను. ఇవి యన్నియు అభినందనీయములే. అయితే లోపలి పప్పు లినక్సే గాన, అందు దొరకిన ప్రతి దోషమునకును మూలస్థానమున వెలువడు మరమ్మతును ఆలసింపక వీనియందును వేయవలయును. ఆ పనికి మనుష్యులను నియమింపక పేరు మాత్రము మార్చుట మిల్లుబట్టపై ఖద్దరు ముద్ర వేయుట వంటిది. ఖద్దరు విషయమున ఆ మోసమును సహింపని మనము దీనియందేల సహింపవలయును?

పరదేశియుల పని యగుటయే దోషమని మేమనుట లేదు. ధవళేశ్వరము ఆనకట్టను 1847లో మొదలిడి 1852లో ముగించిన కాటన్ దొర ఆంగ్లేయుడే. డెల్టాలో ఆయన విగ్రహమునకు నేటికిని దండలు పడుచున్నవి. కాని ఆ ఆనకట్ట మన చేతికి వచ్చినది. దాని తలుపు లెత్తుట మనవారు నేర్చిరి, దాని స్థానమున బ్యారేజీ కట్టిరి, గట్లు ఎత్తు చేసిరి. గండి పడిననాడు లండనుకు తంతి కొట్టి కూర్చుండరైరి. కెర్నెలు విషయమున మనమింకను తంతి కొట్టుచునే యున్నాము.

పని యేమో అసాధ్యము కాదు. 2022 డిసెంబరునుండి లినక్సు కెర్నెలునందు రస్టు అను భాషకు చోటిచ్చిరి. గాదె కొలతను, కౌలు గడువును ముందే తనిఖీ చేసికాని అది పని జరుగనీయదు. కాని మూడుకోట్ల సీ పంక్తులు ఒకనాట తిరిగి వ్రాయబడవు. గూగులువారి పరీక్షాయంత్రమొకటి 2017 నుండి కెర్నెలుపై రేయింబవళ్లు వంకరటింకర ఆజ్ఞలు కురిపించుచు, దొరకిన తప్పులను బహిరంగముగా ప్రకటించుచున్నది. ఎవరును ముట్టక మిగిలినవి అందు వందలకొలదిగా నున్నవి. కాకినాడయందు 1946నాటి ఇంజనీరింగు కళాశాల పెరిగి విశ్వవిద్యాలయమై యున్నది. డెల్టా పట్టణములలో ఇంజనీరింగు కళాశాలకు కొఱతలేదు. చివరి సంవత్సరపు విద్యార్థి యొక్కొక్కడు ఆ జాబితానుండి ఒక్కొక్క తప్పును దీసికొని, కారణము కనిపెట్టి, దిద్దుబాటు పంపినచో, ఆ పని అందరు చూచునట్లు వాని పేరుతో నిలుచును. నకలుకొట్టించి అట్టవేయించిన ప్రాజెక్టు పుస్తకములు బీరువాలో దుమ్ము తినుటకంటె ఇది మేలుగదా! అట్టివారిలో కొందఱిని ప్రభుత్వమే జీతమిచ్చి యీ పనికి నిలుపవలెను. గట్టుకు లస్కరున్నాడు, కెర్నెలుకు లేడు.

అంతవఱకు కచేరీలు చేయదగిన పని యొకటి కలదు. దానికి ఢిల్లీ యుత్తరువు అక్కఱలేదు. రాజమహేంద్రవరము, కాకినాడ, అమలాపురము, భీమవరము, ఏలూరు కలెక్టరు కచేరీలు మొదలు మండల కార్యాలయముల వఱకు ప్రతిచోట నొక పుస్తకము తెఱువవలయును. ఏ యంత్రము, దానియందే వ్యవస్థ, చివరి మరమ్మతు ఏ తేదీన వేసిరి, ఎవరు వేసిరి? ఈ నాలుగు గడులు చాలును. వేయనివాని వివరము బజారున చాటుమని మేమడుగము, దొంగకది యుపకారమగును. పుస్తకము నెలకొకసారి పైయధికారి చూచి సంతకము చేయుచున్నాడా యన్నది మాత్రము ప్రజలకు తెలియవలయును. గట్ల పరీక్ష వేసవిలో జరిగినదా లేదా యని మనమడుగుట లేదా? జిల్లా పరిషత్తు సభ్యులలో ఎవరైనను రానున్న సమావేశమున ఈ ప్రశ్న వేయుదురేని, అధికారులిచ్చు ప్రత్యుత్తరమును మేము ఉన్నదున్నట్లు ప్రకటింతుము.